రొయ్యల మేత డీలరు మార్కులు వేస్తే మా అమ్మాయికి న్యాయం జరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి భీమవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోనుకు హెచ్చరిక పంపే పరికరాన్ని నలుగురు స్నేహితులతో కలిసి తయారు చేసింది. వచ్చే నెల కళాశాలలో జరిగే ఆవిష్కరణల పోటీకి రొయ్యల మేత డీలరు ఒకరు, రైస్‌మిల్లు యజమాని ఒకరు, కొబ్బరి పీచు ఎగుమతిదారు ఒకరు న్యాయనిర్ణేతలుగా వస్తున్నారట. ప్రొఫెసర్లు ఉండగా వీళ్లు మార్కులు వేయడం ఏమిటని నా సందేహం. పిల్లల ఆలోచనను వాళ్లు సొంతం చేసుకుంటారేమోనన్న భయం కూడా ఉంది. ఆ డీలరు మాకు దూరపు బంధువు కనుక ముందే ఒక మాట ఆయన చెవిన వేయమంటారా?
- ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: నమస్కారం. మీ అమ్మాయి చేసిన సర్క్యూట్ సరిగా ఉందా, ప్రోగ్రాం పద్ధతిగా రాసిందా అన్నది తేల్చవలసింది ప్రొఫెసర్లే. ఆ పని వాళ్లు ల్యాబుల్లోనూ పరీక్షల్లోనూ ఏటా చేస్తూనే ఉన్నారు. ఈ పోటీ అడిగే ప్రశ్న వేరు. ఆ పరికరం ఉప్పునీటి చెరువులో పంట పూర్తయ్యేదాకా నిలబడుతుందా, దానికి డబ్బు పెట్టేవాళ్లు ఉన్నారా అన్నది ఇక్కడ తేలాలి. దానికి జవాబు చెప్పగలిగిన అనుభవం ఆ ముగ్గురికీ ఉంది. అందుకే వాళ్లను పిలిచిన కళాశాల మంచి నిర్ణయమే తీసుకున్నదని నా అభిప్రాయం.

ముందుగా మేత డీలరు సంగతి చూడండి. మన డెల్టాలో చాలాచోట్ల చెరువులో రొయ్య పిల్ల వేసినప్పటి నుంచి పట్టుబడి దాకా మేత డీలరు ఇచ్చే అప్పు మీదే నడుస్తుందన్నది మీకు తెలిసినదే. చెరువు దెబ్బ తింటే రైతుతో పాటు ఆయన డబ్బూ మునుగుతుంది. కాబట్టి తన మేత వెళ్లే చెరువుల్లో తెల్లవారుజామున ఏం జరుగుతుందో ఆయన కళ్లకు కట్టినట్టు చెప్పగలడు. పగలు ఎండలో ఆక్సిజన్‌ను ఇచ్చిన పాచే రాత్రంతా దాన్ని పీల్చుకోవడం వల్ల, సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైన ఉండాలని రైతులు చూసుకుంటారు. 3 కంటే దిగితే ప్రమాదమని భయపడతారు. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే, జనరేటరు అందుకునేలోగా జరిగే నష్టం ఎంతో ఆయన తన ఖాతా పుస్తకంలో చూసుకున్న మనిషి. అలాంటి మనిషి మీ అమ్మాయిని అడిగే ప్రశ్నలు నాకు ఇప్పుడే వినబడుతున్నాయి. ఆక్సిజన్ కొలవడానికి నీటిలో ముంచిన ప్రోబుకు ఎన్ని రోజుల్లో పాచి పడుతుంది, దాన్ని ఎవరు కడగాలి? రాత్రి మూడు గంటలకు సందేశం వస్తే చూసేది ఎవరు, యజమానా, చెరువు గట్టున పడుకున్న కాపలాదారా? కరెంటుతో పాటు ఫోను సిగ్నలూ పోతే ఎలా? మూడుసార్లు ఉత్తుత్తి హెచ్చరిక వచ్చాక రైతు దాన్ని ఆపేయడా?

వీటికంటే ముఖ్యమైన ప్రశ్న డబ్బు ఎవరు కడతారన్నది. చెరువు లీజుకు తీసుకున్న రైతు వచ్చే ఏడాది ఆ చెరువు తన చేతిలో ఉంటుందో లేదో తెలియక, పంటకు మించి మిగిలిపోయే సామానుపై ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు. భూమి యజమానికి లీజు డబ్బు చేరితే చాలు, ఆక్సిజన్‌తో పనిలేదు. ఇక మిగిలేది అప్పు ఇచ్చిన డీలరే. తన అప్పును కాపాడుకోవడానికి ఆ పరికరాలు కొని రైతులకు అద్దెకు ఇవ్వవచ్చునేమో! మీ అమ్మాయి ఈ సంగతిని ముందే ఆలోచించుకొని వెళ్లి, తన ఎదుట కూర్చున్న న్యాయనిర్ణేతే తన మొదటి ఖాతాదారు కాగలడని లెక్కలతో చూపగలిగితే, ఆ పది నిమిషాలు ఆమె చదువులో ఒక సెమిస్టరుకు సమానమవుతాయి.

రైస్‌మిల్లు యజమానికి రొయ్యలతో సంబంధం లేదని మీరు అనుకోవచ్చు. కానీ కొలిచే పరికరం చుట్టూ జరిగే తగవులు ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియవు. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి 17 శాతం తేమ హద్దు. తేమ మీటరు ఒకచోట 17, మరొకచోట 19 చూపిస్తే రైతుకూ మిల్లుకూ మధ్య మాట పెరుగుతుంది. పైగా క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం ఆయన ప్రభుత్వానికి అప్పగించవలసి ఉంటుంది కనుక, కొలతలో వచ్చే ఒక్కో శాతం తేడా ఆయనకు నేరుగా తగులుతుంది. మీ పరికరం చూపిన అంకెను నేనెందుకు నమ్మాలి, దీన్ని దేనితో సరిచూశారు అని ఆయన తప్పక అడుగుతాడు. పీచు ఎగుమతిదారు అడిగేది ఇంకొకటి. కొబ్బరి పొట్టును ఇటుకలుగా నొక్కి విదేశాల నర్సరీలకు పంపేవాళ్లు అందులోని ఉప్పును కడిగి, కడిగినదాన్ని మీటరుతో పరీక్షించి, ప్రతి సరుకూ ఒకే తీరుగా ఉందని కొనేవాడికి చూపించాలి. కాబట్టి పోటీలో మీవాళ్లు చూపించే ఒక్క నమూనాకు ఆయన తృప్తిపడడు. ఇలాంటివి పది చేస్తే పదీ ఒకే నీటిలో ఒకే అంకె చూపిస్తాయా అంటాడు. ఇది ఇంజినీరింగ్ ప్రశ్న కాదని ఏ ప్రొఫెసరూ అనలేడు.

వాళ్లు చెప్పేదంతా వేదమని నేను అనడం లేదు. వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈనాటి ధరను బట్టి రేపటిని అంచనా కడతారు. రొయ్య ధర పడిపోయిన వారంలో పోటీ జరిగితే ఆ రంగంలో ఏ కొత్త ఆలోచనా వాళ్లకు రుచించకపోవచ్చు. ఏళ్లపాటు పరిశోధన చేస్తే తప్ప ఫలితం రాని పనిని వాళ్లు తక్కువగా చూసే అవకాశం ఉంది. అందువల్ల జ్యూరీలో ఒక ప్రొఫెసరు, వీలైతే సొంతంగా సాగు చేసే ఒక రైతు కూడా ఉండాలనీ, దేనికి ఎన్ని మార్కులో ముందుగానే కాగితం మీద ప్రకటించాలనీ మీరు కళాశాలను మర్యాదగా అడగవచ్చు. పెళ్లయి వెళ్లిపోతే ఈ పని ఎవరు చూస్తారమ్మా అని ఆడపిల్లల జట్టును అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ ప్రశ్నకు మార్కుల పట్టికలో చోటు లేదు. అడిగితే నిర్వాహకులు అక్కడే ఆపాలి. మీ అమ్మాయి దానికి సంజాయిషీ చెప్పుకోకుండా మాటను పరికరం మీదికి మళ్లిస్తే చాలు. ఆ రోజు మార్కులు తక్కువ వచ్చినా ఈసీఈ చదివిన అమ్మాయిగా ఆమె ముందున్న దారులు, గేట్ రాసి పైచదువుకు వెళ్లడం గానీ, చిప్ డిజైన్ వైపు వెళ్లడం గానీ, ఏవీ మూసుకుపోవు.

ఆలోచన పోతుందన్న భయానికి సూటిగా జవాబు చెబుతాను. విజయవాడలో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ చెరువులోని ఆక్సిజన్‌ను కొలిచి రైతు ఫోనుకు సమాచారం పంపే పరికరాలను ఏనాడో తెచ్చింది. అంటే ఆలోచన ఇప్పటికే బజారులో ఉంది. దానికంటే మీది దేనిలో మేలని న్యాయనిర్ణేతలు అడుగుతారు, ఆ జవాబు సిద్ధం చేసుకోవడం అత్యవసరం. ఒకవేళ పాచి పట్టకుండా ఏదైనా నిజంగా కొత్త ఏర్పాటు వాళ్లు కనిపెట్టి ఉంటే మాత్రం పోటీకి ముందే పేటెంటు కోసం ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టడం మంచిది. బహిరంగంగా చూపించిన తరువాత దరఖాస్తు చేస్తే అది కొత్తది కాదన్న అభ్యంతరం రావచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. కళాశాల ల్యాబులో చేసిన పని కనుక హక్కు ఎవరి పేరున ఉండాలో కళాశాలతో ముందుగా మాట్లాడుకోండి.

ఇక బంధువు సంగతి. దయచేసి ఆ మాట ఆయన చెవిన వేయకండి. మన ప్రాంతంలో వ్యాపారులూ రైతులూ ఏదో ఒక వరసతో చుట్టాలే అవుతారు, అందువల్లనే ఈ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మీరు చెప్పారని తెలిస్తే మీ అమ్మాయికి న్యాయంగా వచ్చిన బహుమతి మీద కూడా మచ్చ పడుతుంది. మిగిలిన నలుగురు పిల్లలు కూడా ఏ తప్పూ చేయకుండానే అందులో చిక్కుకుంటారు. ఆ చుట్టరికాన్ని నిర్వాహకులకు ఒక ఉత్తరంలో తెలియజేసి, ఆ ఒక్క జట్టుకు ఆయన మార్కులు వేయకుండా ప్రశ్నలు మాత్రం అడిగేలా చూడమని కోరండి. ఆయన ప్రశ్నలు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

మిగిలిన ఈ నెల రోజుల్లో జట్టు మొత్తం కనీసం ఒక్క రాత్రయినా తెలిసిన రైతు చెరువు గట్టున తెల్లవారేదాకా ఉండి తమ పరికరం చూపిన అంకెలను గంటగంటకూ రాసుకోవాలి. భీమవరంలో నీటి పరీక్షలు చేసే ఆక్వా ల్యాబులు ఉన్నాయి కదా, అక్కడి మీటరుతో తమ మీటరును పక్కపక్కన పెట్టి తేడా ఎంతో నమోదు చేసుకోవాలి. తేడా ఉంటే దాచవద్దు, ఎంత ఉందో చెప్పగలిగిన జట్టుకు రైస్‌మిల్లు యజమాని ఎక్కువ విలువ ఇస్తాడు. ప్రదర్శన రోజున ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ప్రతి ప్రశ్ననూ అడిగినవారి మాటల్లోనే రాసుకోవాలి.

పోటీ ముగిశాక, గెలిచినా ఓడినా, వారం లోపు ఆ ముగ్గురికీ కృతజ్ఞతలు తెలుపుతూ, వాళ్లు అడిగిన వాటిలో దేన్ని ఎలా సరిచేశారో ఒక పేజీలో రాసి పంపమనండి. అప్పుడు ఉద్యోగం అడగవద్దు, ఒక పంట కాలం, అంటే వనామి రకం రొయ్యకు సుమారు 100 నుంచి 120 రోజులు, పరికరాన్ని ఉంచుకోవడానికి ఒక చెరువు చూపించమని అడగాలి. అదే నాలుగో సంవత్సరం ప్రాజెక్టు అవుతుంది, ఏ ఇంటర్వ్యూలోనైనా అంకెలతో మాట్లాడే ఆధారమూ అవుతుంది. 2017లో మొదలైన, విద్యార్థుల జాతీయ ఆవిష్కరణల పోటీ అయిన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు ఆరుగురి జట్టు కావాలి, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ఇప్పుడున్న ఐదుగురికి తోడుగా ఆరో మనిషిని వెతుక్కునేటప్పుడు మరో ఈసీఈ విద్యార్థి కంటే ఫిషరీస్ సైన్స్ చదివేవారు గానీ, ఇంట్లో చెరువు సాగు ఉన్న విద్యార్థి గానీ దొరికితే ఎక్కువ ఉపయోగం. అయితే హ్యాకథాన్ నిబంధనల ప్రకారం ఆరుగురూ ఒకే కళాశాల వారై ఉండాలో లేదో మీ అమ్మాయి ముందుగా తమ కళాశాల సమన్వయకర్తను అడిగి తెలుసుకోవాలి.