పిల్లల సెలవురోజుకి ఒక్క పెద్ద పని చాలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

శని, ఆదివారాలు వస్తే పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తున్నారని, వాళ్ల అల్లరి తగ్గే ఉపాయం చెప్పమని రాశావు. అల్లరి కంటే ముందు నువ్వు రాసిపెట్టుకున్న పనుల చీటీ చూడాలి. ఒక్క రోజులో నాలుగుచోట్లకి తిప్పితే పిల్లలకి మిగిలేది చెప్పులు తొడుక్కోవడం, విప్పడం. వాళ్లు మొండికేసేది కూడా ఆట మధ్యలో కాదు, ఒక పని వదిలి ఇంకో పనికి మారేటప్పుడే. అందుకని రోజుకి ఒక్క పెద్ద పని పెట్టుకో, అదీ పొద్దున పూట. మిగతా పనులు జరిగితే జరిగినట్టు, లేకపోతే లేదు.

నిద్ర వేళలు మాత్రం సెలవని మార్చకు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. శుక్రవారం రాత్రి ఆలస్యంగా పడుకుంటే శనివారం మధ్యాహ్నం పేచీ ఖాయం. బయటికి వెళ్తే చిన్నవాడి కునుకు వేళకి ముందే ఇల్లు చేరండి. దారిలో పది నిమిషాలు కళ్లు మూసుకున్నాడంటే ఇంటికొచ్చాక ఇక పడుకోడు, సాయంత్రమంతా ఏడుపే. సంచి ముందురోజు రాత్రే సర్దిపెట్టు: నీళ్లు, తినడానికేమైనా, ఒక జత బట్టలు, తడిగుడ్డ. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాకే చెప్పులు.

పార్కులో జారుడుబల్ల దగ్గర “ఇంకో అయిదు నిమిషాల్లో వెళ్దాం” అంటే మూడేళ్ల వాడికి ఏమీ తెలియదు. “ఇంకో మూడుసార్లు జారాక వెళ్దాం” అను, వాడితోనే లెక్కపెట్టించు. మూడన్నాక నాలుగోసారి జారనిచ్చావో, వచ్చే వారం నీ లెక్కకి విలువ ఉండదు.

మధ్యాహ్నానికి ప్రయోగం ఒకటి చాలు. బెలూన్ ప్రయోగం ఎప్పుడూ బాగుంటుంది. అర లీటరు సీసాలో నాలుగు టేబుల్ స్పూన్ల వెనిగర్ పోయ్. బెలూన్‌ని నువ్వే ఒకసారి ఊది గాలి తీసెయ్, లేకపోతే రబ్బరు బిగుతుగా ఉండి సరిగ్గా ఉబ్బదు. గరాటుతో బెలూన్‌లో ఒక టీస్పూన్ వంటసోడా వేసి, దాని మూతిని సీసా మూతికి బాగా కిందిదాకా తొడిగాక, బెలూన్ పైకెత్తి సోడా లోపలికి దులపాలి. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పుట్టి బెలూన్ ఉబ్బుతుంది. సోడా ముందే సీసాలో వేసేస్తే తొడిగేలోపే వాయువంతా పోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. సీసాకి బిరడా మాత్రం ఎప్పుడూ బిగించొద్దు, పేలుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి ఊదని బెలూన్లు, పగిలిన ముక్కలు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. ముక్కలు వెంటనే ఏరెయ్, చిన్నవాడిని ఊదనివ్వకు.

అసలు సంగతి ఆ తరువాతే మొదలవుతుంది. “సోడా ఇంకా ఎక్కువేస్తే?” అని అడుగుతారు. సమాధానం చెప్పకు. ఏమవుతుందో ముందు వాళ్లనే ఊహించమని, ఆ తరువాత చేయనివ్వు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి: సోడా పెంచితే వెనిగర్ అంతే ఉండాలి. రెండు స్పూన్లు వేసినా బెలూన్ రెండింతలు కాదు, అడుగున తెల్లపొడి మిగిలిపోతుంది. వెనిగర్‌లో పులుపు అయిపోయిందన్నమాట. దాన్ని పెద్దపిల్ల తనే కనిపెడితే ఆ పూటకి అంతకన్నా ఏం కావాలి! సీసాలు మాత్రం ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వు, కింద అంచున్న పళ్లెం పెట్టు. ఒక్క సీసాతో ఇద్దరికి ప్రయోగమంటే కొట్లాటని పిలిచి కూర్చోబెట్టినట్టే.

“ఎందుకు?” అన్న ప్రతిసారీ “నీకేమనిపిస్తోంది?” అని ఎదురు ప్రశ్న వేయకు, పిల్లలకీ విసుగొస్తుంది. తెలిసింది రెండు ముక్కల్లో చెప్పు. తెలియకపోతే గోడకి కాగితం అంటించి ప్రశ్న రాయించు, చిన్నవాడైతే బొమ్మ వేస్తాడు. వచ్చే శనివారం ఏం చేయాలో ఆ కాగితమే చెబుతుంది.

టీవీ, ఫోను పొద్దున్నే మొదలుపెట్టకు. ఇవ్వడం తేలికే, ఆపించడమే కష్టం. నువ్వు వంటలో ఉన్న వేళకి దాచుకో. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలైనా కదలాలని, అందులో ఒక గంట గట్టిగా పరుగులు తీయాలని కూడా అదే సంస్థ చెబుతోంది. కాబట్టి సోఫా ఎక్కి దూకేవాడిని కసరడం కంటే తలుపు తీసి బయటికి పంపడం మేలు.

ఇక మీ ఇద్దరి సంగతి. శనివారం రెండు గంటలు ఆయన పిల్లల్ని బయటికి తీసుకెళ్తే నువ్వు ఇంట్లో ఉండు, ఆదివారం నువ్వు తీసుకెళ్లు. ఆ ఖాళీని బట్టలు ఉతకడానికి వాడావంటే అది ఖాళీ కాదు. సాక్సుల జతలు కలపడం లాంటివి పిల్లలకే ఇవ్వు. తప్పుగా కలిపితే వాళ్ల ముందు సరిదిద్దకు.

ఆదివారం సాయంత్రం అయిదు దాటాక కొత్త పనేదీ మొదలుపెట్టొద్దు. బడి సంచులు సర్దడం, స్నానాలు, తిండి, నిద్ర, అంతే. ప్రయోగాల పళ్లెం కడగడం కూడా వాళ్ల స్నానాలకి ముందే కానివ్వు. తరువాతైతే మళ్లీ తడుస్తారు.

ఇట్లు,
మీ పెద్దత్త