కేబుల్ టెస్టర్‌లో లైట్లన్నీ వెలుగుతున్నా నెట్ ఆగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. కింద రౌటర్, మిద్దె మీద గదిలో రెండు కంప్యూటర్లు. 40 మీటర్ల కేబుల్ లాగి రెండు చివరలా నేనే జాక్‌లు కొట్టాను. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్, రెండు వైపులా ఇదే వరుస. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి, నెట్ మాత్రం వచ్చి పోతోంది. ఇలాగే చేసిన రెండు మీటర్ల కేబుల్ బాగానే ఉంది. కొత్త కేబుల్ వేయాలంటే గోడ మళ్ళీ పగలగొట్టాలి, అదే టెన్షన్.

జవాబు: గోడ జోలికి పోకండి, కేబుల్‌లో దోషమేమీ ఉన్నట్టు లేదు. స్ట్రెయిట్ కేబుల్‌కి రెండు చివరలా ఒకే వరుస ఉంటే చాలని చాలామంది అనుకుంటారు, కానీ ఏ జత (కేబుల్ లోపల ఒకదానితో ఒకటి మెలిపెట్టి ఉండే రెండు తీగలు) ఏ పిన్నులకు వెళ్ళాలన్నది కూడా అంతే ముఖ్యం. 1, 2 ఒక జత. 3, 6 ఇంకో జత. 4, 5 ఒకటి. 7, 8 ఒకటి. మీ వరుసలో 3లో వైట్ గ్రీన్, 6లో బ్లూ పడ్డాయి, అంటే ఒకే సిగ్నల్ మోసే రెండు తీగలు వేర్వేరు మెలికల్లో పోతున్నాయి. ఆ మెలిక ఊరికే పెట్టింది కాదు, బయటి నుంచి వచ్చే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడి కొట్టుకుపోయేది దాని వల్లే. రెండు మీటర్లలో ఈ తప్పు బయటపడకపోవచ్చు, 40 మీటర్లకు వచ్చేసరికి పక్క జతల గోల సిగ్నల్‌లో కలిసిపోతుంది. మామూలు టెస్టర్ తీగ ఈ చివర నుంచి ఆ చివరకు చేరిందా అనే చూస్తుంది, జతలు చూడదు.

రెండు జాక్‌లూ కోసేసి కొత్తవి కొట్టండి (ఒకసారి నొక్కినవి మళ్ళీ పనికిరావు). క్లిప్ కిందికి, బంగారు రంగు పిన్నులు మీకు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. మధ్యలో బ్లూ జత దూరడం వింతగా ఉంటుంది గానీ, ఫోన్ లైన్ నడిమి పిన్నుల్లో వచ్చేది కాబట్టి అలా పెట్టారు. మెలిక అర అంగుళానికి మించి విప్పకండి, పై తొడుగు జాక్ లోపలికి వెళ్ళి బిగుసుకోవాలి. ఆ రెండు మీటర్లదీ మార్చేయండి.

కేబుల్ మిద్దె మీద ఎండలో పోతుంటే పైపులో వేయించండి, మన ఎండలకు మామూలు తొడుగు పగిలిపోతుంది.