యేసు ఒక్కడే మార్గమైతే మా అమ్మమ్మ సంగతేమిటి?

“యేసును నమ్మకుండా పోయింది కాబట్టి మీ అమ్మమ్మ నరకంలోనే ఉంటుంది” అని ఆఫీసులో స్నేహితుడు అన్నాడని రాశారు. క్రైస్తవులందరూ నమ్మేది ఇదేనా అని అడిగారు. నేను గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ హిందువులే. అందుకే ఈ ప్రశ్న మా ఇంట్లో పాతది. ముందే చెబుతాను: యేసు ఒక్కడే రక్షకుడని నేను నమ్ముతాను. మీ అమ్మమ్మ గురించి ఆ మాట అనే అధికారం మాత్రం మీ స్నేహితుడికి లేదు, నాకూ లేదు.

మొదటి సంగతి దాచిపెట్టేది కాదు. యోహాను సువార్త 14వ అధ్యాయంలో “నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు” అని ఉంది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో పేతురు “మరి ఎవనివలనను రక్షణ కలుగదు” అంటాడు. ఎంత మెత్తగా చదివినా వీటిలోంచి ‘అన్ని దారులూ ఒక చోటికే’ అనే అర్థం రాదు. సర్వమత సభల్లో మావాళ్ళు కొందరు ఈ వాక్యాలను పక్కకు నెట్టి మాట్లాడుతుంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది. వినేవాళ్ళు అంత అమాయకులేమీ కాదు.

అయితే రక్షించేది ఎవరన్నది ఒక ప్రశ్న, రక్షణ పొందేది ఎవరెవరన్నది ఇంకో ప్రశ్న. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల వరుస ఉంటుంది: హేబెలు, అబ్రాహాము, మోషే, యెరికో పట్టణంలోని వేశ్య రాహాబు. యేసు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే పోయినవాళ్ళు వీళ్ళు. ఇక ఊహ తెలియకముందే పోయిన పసిబిడ్డల మాట ఎత్తితే కఠినంగా బోధించేవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. రక్షణ క్రీస్తు వల్లనే అని గట్టిగా నమ్ముతూ, ఆ క్రీస్తు ఎవరిని ఏ విధంగా చేరతాడో మనకు తెలియదని చెప్పే క్రైస్తవులకు ఇక్కడే ఆధారం దొరుకుతుంది. అలా కాదు, బతికుండగా విని, నోటితో ఒప్పుకుంటేనే రక్షణ అనే సంఘాలూ చాలా ఉన్నాయి. మీ స్నేహితుడు ఆ వైపువాడై ఉంటాడు.

కాథలిక్ సంఘమైతే 1964లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచమంతటి కాథలిక్ బిషప్పుల సభ) పత్రంలోనే రాసుకుంది: తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియకపోయినవారు చిత్తశుద్ధితో దేవుణ్ణి వెతుకుతూ, మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకుంటే రక్షణ పొందగలరని. అంతకుముందు బోస్టన్‌లో లియోనార్డ్ ఫీనీ అనే కాథలిక్ ఫాదరు, కాథలిక్ సంఘంలో లేనివాళ్ళకు రక్షణ లేదని అక్షరాలా బోధిస్తే 1949లో రోములోని కాథలిక్ పెద్దలు అది తప్పని చెప్పారు. రోముకు వచ్చి సంజాయిషీ ఇవ్వమంటే ఆయన వెళ్ళలేదు, 1953లో వెలివేశారు. సంఘం బయట రక్షణ లేదన్న మనిషే చాలా ఏళ్ళు సంఘం బయట ఉండిపోయాడు!

ఆ మాట మూలం మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరానికి బిషప్పుగా ఉన్న సిప్రియన్ ఉత్తరాల్లో ఉంది. ఆయన మనసులో ఉన్నది మీ అమ్మమ్మలాంటి వాళ్ళు కారు. వేరు కుంపటి పెట్టుకున్న క్రైస్తవులు ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా, మళ్ళీ ఇవ్వాలా అన్న తగాదాలో పుట్టిన మాట అది. సిప్రియన్ చెల్లదన్నాడు, రోము బిషప్పు స్తెఫను చెల్లుతుందన్నాడు. ఆ తగాదా మా ఇంట్లో నేటికీ తెగలేదు. మా పిన్ని కొడుకు ఒక స్వతంత్ర సంఘంలో చేరినప్పటి నుంచి, కనబడినప్పుడల్లా “అన్నయ్యా, నీది చిలకరింపు బాప్తిస్మం, అది లెక్కలోకి రాదు, నీళ్ళలో మునిగి తీసుకో” అంటాడు. వాడి పుస్తకంలో నేనూ మీ అమ్మమ్మా ఒకే పేజీలో ఉన్నాం. ‘మార్గం ఒక్కటే’ అన్నది ‘మా సంఘం ఒక్కటే’ అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంతవరకు తేలిక. కష్టమైన సంగతి మా పెద్దతాతయ్యది. తమ్ముడు, అంటే మా తాతయ్య, బాప్తిస్మం తీసుకున్నా ఆయన తీసుకోలేదు. ఇంట్లో దీపం ఆపవద్దని వాళ్ళ అమ్మ పోయేముందు మాట తీసుకుందట. అలాగని మాకు దూరంగా ఉన్న మనిషి కాదు. డిసెంబరు వచ్చిందంటే మా అరుగు మీద కూర్చుని క్రిస్మస్ నక్షత్రానికి వెదురు బద్దలు చీల్చేది ఆయనే. ఈనెలు గుచ్చుకోకుండా కత్తితో గీకి, ఐదు కోణాలూ పురికొసతో బిగించి ఇస్తే రంగు కాగితం అతికించడమే మా పని. మా గుడిలో ఏటా ప్రసంగం విన్నాడు. కాబట్టి ‘సువార్త వినని వారు’ అనే మినహాయింపు ఆయనకు వర్తించదు. ఆయన పోయాక మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికలో, బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు సరిగ్గా ఇదే ఎత్తిచూపాడు: విని కూడా త్రోసిపుచ్చాడని. నాన్నమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ మా పాస్టరు అయ్యగారిని నిలబెట్టి అడిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆదికాండం 18వ అధ్యాయం తీశారు. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం కోసం అబ్రాహాము దేవుణ్ణి బతిమాలే చోటు అది. “సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా” అన్న వాక్యం చదివి, “బావగారు పరలోకంలో ఉన్నారని నేను చెప్పలేనమ్మా, లేరని చెప్పడానికి నేనెవరిని?” అన్నారు. ఆవిడకు అది చాలింది. నాకు మొదట చాలలేదు, తప్పించుకునే జవాబు అనిపించింది. వయసు వచ్చేకొద్దీ, ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి చెప్పగల నిజం అంతవరకే అనిపిస్తోంది. మైకులో చెవిన పడటం, విషయం మనసుకు ఎక్కడం రెండూ ఒకటేనా, తల్లికిచ్చిన మాట నిలబెట్టుకోవడం క్రీస్తును త్రోసిపుచ్చడం అవుతుందా, ఇవన్నీ పెద్దతాతయ్య లోపల తూచి చూడగలిగినవాడు తేల్చవలసినవి.

మీ స్నేహితుడి మీద మరీ కోపం పెట్టుకోకండి. ఇల్లు అంటుకుందని నిజంగా నమ్మినవాడు కేకలు వేయకుండా ఉండలేడు, అతను మీ మేలు కోరే అని ఉండవచ్చు. కానీ ఆ కేక బతికున్న మీకోసం కావాలి. పోయినావిడను హెచ్చరించి లాభమేమిటి? ఇదే అతనితో అనండి. యేసు గురించి చెప్పాలనుంటే యేసు గురించే చెప్పమనండి, వినాలనిపిస్తే వినండి. అమ్మమ్మ పేరు మళ్ళీ తెస్తే అక్కడితో మాట ఆపేయండి.