టైమ్ ట్రయల్ సైకిల్‌కు ఏరోబార్లు ఎలా సెట్ చేసుకోవాలి?

టైమ్ ట్రయల్ అంటే ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే రేసు. అందులో గాలి తక్కువ తగిలేలా ముంజేతులు ఆనించి, ముందుకు చాచి పట్టుకునే హ్యాండిల్‌బార్లే ఏరోబార్లు. ముందు సీటు చూసుకోండి, ఏరోబార్ల సంగతి తర్వాత. సీటు కాస్త ముందుకు జరపకుండా చేతులు మాత్రం కిందికి దించితే తొడలు పొట్టకు తగిలి తొక్కడమే కష్టమవుతుంది.

ఇక ప్యాడ్లు, అంటే చేతులు ఆనించే మెత్తలు. అవి మోచేతి ఎముక కింద కాదు, దానికి కొంచెం ముందు, ముంజేతి కండకు ఆనాలి. మోచేతి దగ్గర వంపు 90 డిగ్రీలో, ఇంకాస్త ఎక్కువో ఉంటే బరువును ఎముకలే మోస్తాయి, భుజాలు త్వరగా అలసిపోవు. బార్ల చివర్లు కొద్దిగా పైకి లేపితే ఒళ్లు ముందుకు జారదు.

ఎత్తు దగ్గరే చాలామంది తొందరపడతారు. మొదట ప్యాడ్ల కింద స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) ఎక్కువే ఉంచి, అలవాటయ్యే కొద్దీ ఒక్కొక్కటీ తీయండి. మెడ పట్టేసి తల ఎత్తి దారి చూడలేకపోతున్నారా? తీసిన స్పేసర్ మళ్లీ పెట్టేయండి, నామోషీ ఏం లేదు. రేసంతా నిలబెట్టుకోలేని వంపు ఎంత కిందికి ఉంటే ఏం లాభం?

1989 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చివరి టైమ్ ట్రయల్‌ను అమెరికన్ సైక్లిస్ట్ గ్రెగ్ లెమాండ్ ఏరోబార్లతోనే తొక్కాడు. మొత్తం టూర్ 8 సెకన్ల తేడాతో గెలిచాడు.

బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), తయారీదారు చెప్పిన అంకె వరకే బిగించండి. గుంపులో ఉన్నప్పుడు మాత్రం చేతులు బేస్‌బార్ (ఏరోబార్లు బిగించే అడ్డ హ్యాండిల్) మీదే ఉండాలి, బ్రేకులు అక్కడే కదా.