సెంట్ల మనిషి గుంటలంటాడా?

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయ్, నీ కథ చదివాను. మంగళగిరి కుర్రాడు సైన్యంలో చేరి, మంచుకొండ మీద కాపలా కాస్తూ ఇంటి మగ్గం చప్పుడు గుర్తు చేసుకునే చోటు చాలా బాగుంది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. 400 మీటర్ల దగ్గర తూటా "రెండు మిల్ కిందికి" పడిందని వాడు తుపాకీ మీది దుర్బిణి, అదే స్కోప్, గీతల్లో చూశాడు, గురి సరిచేసే నాబ్ రెండు క్లిక్కులు తిప్పాడు, రెండోది సూటిగా తగిలింది. తగలదమ్మా.

మిల్ అంటే మిల్లీరేడియన్. దూరంలో వెయ్యో వంతు అనుకో. నువ్వు రోజూ దాటే ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. ఈ చివర నిలబడి ఒక మిల్ కోణం తీస్తే ఆ చివర 1.22 మీటర్లు అవుతుంది. మిల్ స్కోపుల్లో మామూలుగా క్లిక్కుకు 0.1 మిల్. నీ వాడి తూటా 80 సెంటీమీటర్లు కిందికి పడింది, వాడు సరిచేసింది 8. తిప్పాల్సింది 20 క్లిక్కులు.

కోణం కొలిచే రెండో పద్ధతి ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్), అంటే డిగ్రీలో 60వ వంతు. 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. అందరూ అంగుళమనే అనేస్తారు. దగ్గర్లో పరవాలేదు కానీ, 1,000 గజాల దగ్గర 30 ఎంఓఏ తిప్పినప్పుడు ఆ చిల్లరే 14 అంగుళాలు అవుతుంది. ఎంఓఏ స్కోపుల్లో ఎక్కువగా క్లిక్కుకు పావు ఎంఓఏ. 0.1 మిల్ కంటే కాస్త సన్నం, అంతే. ఏది గొప్పదని వాదించేవాళ్లు ఉంటారు, ఆ గోల నీకొద్దు.

నీకు కావలసింది ఒక్కటే: నీ మనిషి ఏ కొలతలో ఆలోచిస్తాడు? వయసులో ఉండగా నేనొక కథలో తెనాలి రైతు చేత "పది గుంటల చెక్క" అనిపించాను. ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు, మీ రైతుది తెలంగాణా అండీ అని. మన వైపు సెంట్లు కదా! ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నీ కుర్రాడు దూరాన్ని మీటర్లలో చెబుతాడు కాబట్టి వాడికి మిల్ సరిపోతుంది. గజాలు, అంగుళాల్లో నేర్చుకున్నవాడైతే ఎంఓఏ నోటికొస్తుంది.

వాడి చేతికి డ్రాగునోవ్ అనే రష్యన్ స్నైపర్ తుపాకీ ఇస్తే ఇంకో సంగతి. దాని పాత పీఎస్ఓ-1 స్కోపులో 1.7 మీటర్ల మనిషి ఎత్తును బట్టి దూరం చెప్పే వంపు గీత ఉంటుంది. పైనున్న నాబ్ మీద కోణాలు కాదు, నేరుగా దూరాల అంకెలే ఉంటాయి. అప్పుడు నీ పేరాలో లెక్క అక్కర్లేదు.

ఇంకో దారి కూడా ఉంది, నాకైతే అదే ఇష్టం. గీతలు మిల్‌లో, నాబ్ ఎంఓఏలో ఉన్న స్కోపులు నిజంగానే వచ్చాయి. ఒక మిల్ 3.44 ఎంఓఏ. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, టెన్షన్‌లో వాడు 2 మిల్‌ని దాదాపు 7 ఎంఓఏ చేసి, దాన్ని మళ్లీ 28 క్లిక్కులు చేయాలి. ఎక్కడో లెక్క తప్పుతుంది. మగ్గం దగ్గర పోగులు లెక్కపెట్టి పెరిగినవాడు అక్కడ తప్పితే ఎలా ఉంటుందో రాసి చూడు.

ఆదివారం వస్తే మూడో పేజీ ఒక్కటే తీసుకురా, మిగతాది కదిలించకు.

ఇట్లు,
మీ మాస్టారు