వైజాగ్ ట్రిప్ కోసం గొలుసు తాకట్టు వద్దు, టీచర్‌గారూ

ప్రశ్న: ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న స్కూల్లో చదువు చెబుతున్నాను. ఒకటి నుంచి మూడో తరగతి వరకు 30 మంది పిల్లలు. ఎక్కువగా కూలి పనులకు వెళ్లే తెలుగు కుటుంబాలు. ఒక్క రోజు వైజాగ్ చూపించుకొద్దామంటే బస్సు, భోజనాలు కలిపి 30,000 అవుతుందట. తలకు వెయ్యి ఇవ్వగలవాళ్లు పన్నెండు మందే. మిగతా 18,000 నా గొలుసు మీద గోల్డ్ లోన్ తీసుకుని ఇవ్వనా?

జవాబు: వద్దండీ. వడ్డీ సంగతి అలా ఉంచండి, వచ్చే ఏడాది కొత్త పిల్లలు వస్తారు. అప్పుడేం తాకట్టు పెడతారు?

అసలు వైజాగే ఎందుకు? పోను 250 కిలోమీటర్లకు పైనే, రాను మళ్లీ అంతే. ఆరేడేళ్ల పిల్లలకు ఆ రోజు గుర్తుండేది బస్సులో వాంతులే. మీకు దగ్గర్లోనే, బోర్డర్ దాటగానే ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి ఉంది. వానలు మొదలయ్యాక అక్కడికి ఓపెన్‌బిల్ కొంగలు వచ్చి, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. పొలాల్లో నత్తలు ఏరుకు తింటాయి, అందుకే వాటి ముక్కు మధ్యలో సందు. ఈ వయసు పిల్లలకు ఒక పూట అది చాలు.

ఖర్చు నా అంచనా ఇలా ఉంది. బస్సుకు 6,500, తిండికీ నీళ్లకూ 2,500, అనుకోని ఖర్చులకు 1,000. ఇంకో 1,000 తోడు వచ్చే ఇద్దరు తల్లులకు. వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది కదా. ఈ పద్దు ఎవరూ రాయరు, చివరికి తోడు రావడానికి ఎవరూ దొరకలేదని టీచర్లే తల పట్టుకుంటారు. మొత్తం 11,000.

పేద పిల్లలు ట్రిప్ రోజు ఇంట్లో ఉండిపోయేది ఎక్కువగా టికెట్ డబ్బుల వల్ల కాదు. కొత్త చెప్పులు, టోపీ, చేతి ఖర్చులు, పక్కవాళ్ల డబ్బాతో పోల్చుకునే టిఫిన్ డబ్బా, వీటి వల్ల. “జ్వరం వచ్చింది టీచర్” అని కబురు పంపుతారు, మీకూ తెలుసు. కాబట్టి అందరూ యూనిఫాంలోనే రావాలి, చేతికి డబ్బులు ఇవ్వకూడదు, తిండి అందరికీ ఒకటే అని ముందే చెప్పండి.

జూన్‌లో స్కూలు తెరిచాక ఒక్కొక్కరినీ నెలకు 30 రూపాయల చొప్పున నాలుగు నెలలు వేయమనండి. అందరూ వేస్తే 3,600. పేర్ల పట్టీ పెట్టకండి, డబ్బా పెట్టండి. పట్టీ ఉంటే వేయనివాళ్లెవరో మూడో రోజుకే క్లాసంతా తెలిసిపోతుంది. మిగతా 7,400 కోసం ఊళ్లో షాపుల వాళ్లను, పట్టుచీరల వ్యాపారులను అడగండి. నోట్లు అడగకుండా అరటిపళ్లు మీరిస్తారా, బస్సు అడ్వాన్సు మీరే నేరుగా కడతారా అనండి. విరాళానికి ట్యాక్స్ మినహాయింపు రసీదు కావాలంటే మాత్రం, దానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ (80జీ అంటారు) ఉన్న ట్రస్టే ఇవ్వగలదు. 2,000 దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు.

డబ్బు మీ సొంత ఖాతాలో వేసుకోకండి. మీ నిజాయితీ మీద అనుమానంతో అనడం లేదు, రేపు ఎవరైనా అడిగితే జీతం ఏది, పిల్లల డబ్బు ఏది అని విడదీయడం కష్టం. మీరూ ఒక తల్లీ కలిసి, ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు తీసేలా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) అని ఎవరైనా చెబుతారేమో, అది ఐదేళ్ల పథకం, మీకు పనికిరాదు. నాలుగు నెలలకు వడ్డీ ఎంతొస్తుందని చూసుకోనక్కర్లేదు, టీ ఖర్చులకు కూడా చాలదు. బిల్లులన్నీ నోట్‌బుక్‌లో అంటించి తల్లిదండ్రుల మీటింగులో చూపించండి.

రైల్లో ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు జనరల్ టికెట్ సగమే, నిజమే. కానీ ముప్పై మంది చిన్నపిల్లలను ఇచ్ఛాపురంలో దించి, మళ్లీ ఆటోలెక్కించడం నాకైతే టెన్షనే. బస్సే మేలు. అయితే మీది ఒడిశా బండి, వెళ్లేది ఆంధ్రకు. ఆ ప్రయాణానికి పర్మిట్ ఉందా, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు దాటలేదా చూడండి. తెలిసినవాళ్ల సొంత వ్యాన్ చవగ్గా వస్తుందని ఒప్పుకోకండి. ప్రైవేటు బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం ఉంది. కాగితాలు చూపించని యజమానికి అడ్వాన్సు ఇవ్వకండి.