పీక్‌కు పేరు పెట్టేముందు

అమ్మలూ,

ఆశీస్సులు. నిన్న ఫోన్లో నీ గొంతులో ఆ సంబరం విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. చెన్నై వచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే నీ చేతికి ఒక ఛాంబర్, చుట్టూ అయస్కాంత క్షేత్రం ఇచ్చే కాయిల్స్, లోపల ఎలక్ట్రాన్లూ అయాన్లూగా విడిపోయి వెలిగే ఆర్గాన్ వాయువు, అంటే ప్లాస్మా! చెప్పాలనుకున్నవి సగం ఫోన్లో మర్చిపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

"సిగ్నల్‌లో 6 కిలోహెర్ట్జ్ దగ్గర పీక్ కనిపించింది పెద్దమ్మా, డ్రిఫ్ట్ వేవే అయ్యుంటుంది" అన్నావు, ప్లాస్మా సాంద్రత లోపలి నుంచి అంచుకు తగ్గే చోట పుట్టే తరంగం అని. అయ్యుండొచ్చు. కానీ ఇప్పుడే పేరు పెట్టకు. ఫ్రీక్వెన్సీ ఒక్కటీ తెలిస్తే తరంగం తెలిసినట్టు కాదు.

నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే. నాకూ ఒక పీక్ దొరికింది, 1,200 హెర్ట్జ్ దగ్గర, సూదిలా సన్నగా. ప్లాస్మా ఆపితే పోయేది, వెలిగిస్తే వచ్చేది. ఇంకేం, ఇది ప్లాస్మాదే అని నమ్మేశాను. ఒకరోజు కరెంటు పోయింది. జనరేటర్ మీద నడిపితే పీక్ 1,224 దగ్గరికి జరిగి కూర్చుంది. జనరేటర్ 50కి బదులు 51 హెర్ట్జ్‌లో తిరుగుతోంది. మూడు ఫేజుల రెక్టిఫైయర్ నుంచి వచ్చే డీసీలో మెయిన్స్‌కు ఆరు రెట్ల దగ్గర, అంటే 300 హెర్ట్జ్ దగ్గర, రిపుల్, అంటే చిన్న హెచ్చుతగ్గు, మిగులుతుంది. నేను తరంగం అనుకున్నది దానికి నాలుగు రెట్లు. ప్లాస్మాను వెలిగించే కరెంటులోనే ఆ రిపుల్ ఉన్నప్పుడు, ప్లాస్మా ఆపితే అదీ పోతుంది కదా! ఆ సాయంత్రం బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

అందుకని రేపు వెళ్లగానే డిశ్చార్జ్ కరెంటు (ప్లాస్మాను వెలిగించేది), మాగ్నెట్ కరెంటు రెండూ ఓసిల్లోస్కోప్‌లో పెట్టు. ప్లాస్మాలోకి దూర్చిన ప్రోబ్ సిగ్నల్‌తో పాటే రికార్డు చెయ్యి. నీ 6 కిలోహెర్ట్జ్ వాటిలో కూడా కనిపిస్తే, ఏది ముందు, ఏది వెనక అని తేల్చకుండా అడుగు ముందుకు వెయ్యకు.

ఆ పరీక్షలో నిలిస్తే అప్పుడు తరంగదైర్ఘ్యం. ఆదివారం బెసంట్ నగర్ బీచ్‌కి వెళ్లినప్పుడు లోపల లంగరు వేసిన పడవలను చూడు. ఒక్క పడవ లేచి దిగడం చూస్తే అల ఎటు పోతోందో తెలియదు. రెండు పడవలు చూస్తే, ఏది ముందు లేచిందో, ఎంతసేపటికి రెండోది లేచిందో తెలుస్తుంది. నీ రెండు ప్రోబ్‌లు ఆ రెండు పడవలే. వాటి మధ్య ఫేజ్ తేడాను, అంటే అలలో రెండోది ఎంత వెనకబడిందో దాన్ని, దూరంతో భాగిస్తే వేవ్ నంబర్ వస్తుంది, దాన్నుంచే తరంగదైర్ఘ్యం. అయితే దూరం సగం తరంగదైర్ఘ్యం దాటితే లెక్క తప్పుతుంది, మధ్యలో ఒక పూర్తి అల దాటిపోయినా ఫేజ్ అదే చూపిస్తుంది. అందుకే నేను ఎప్పుడూ మూడు ప్రోబ్‌లు, సమానం కాని దూరాల్లో పెట్టేదాన్ని. ఒకసారి ప్లాస్మా చుట్టూ, ఒకసారి అయస్కాంత క్షేత్రం వెంబడి కొలువు.

కొలిచేముందు కాగితం మీద అంచనా వేసుకో. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 3 ఎలక్ట్రాన్ వోల్టులు, క్షేత్రం 500 గాస్, సాంద్రత 3 సెంటీమీటర్లలో పడిపోతోంది అనుకుందాం. డ్రిఫ్ట్ వేగం సెకనుకు దాదాపు 2 కిలోమీటర్లు. 4 సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర చుట్టుకొలత 25 సెంటీమీటర్లు. ఆ చుట్టులో ఒక్క అల పట్టితే 8 కిలోహెర్ట్జ్. నీ 6కి దగ్గరే! కానీ అదే ఆర్గాన్‌లో అయాన్ ధ్వని తరంగం వేగం సెకనుకు సుమారు 2.7 కిలోమీటర్లు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి చూశావా? వేగం చూసి విడదీయలేవు. డ్రిఫ్ట్ వేవ్ ముఖ్యంగా క్షేత్రానికి అడ్డంగా, చుట్టూ తిరుగుతుంది. అయాన్ ధ్వని తరంగం క్షేత్రం వెంబడి బాగా నడుస్తుంది. ఆర్గాన్ తీసి హీలియం పెడితే, ఉష్ణోగ్రత అంతే ఉంటే, ధ్వని వేగం మూడు రెట్లు దాటుతుంది. డ్రిఫ్ట్ వేగంలో అయాన్ బరువే లేదు. క్షేత్రం రెట్టింపు చేస్తే డ్రిఫ్ట్ వేగం సగమవుతుంది. కాకపోతే క్షేత్రం మార్చినా, వాయువు మార్చినా సాంద్రత, ఉష్ణోగ్రత కూడా మారతాయి, కాబట్టి అవి ఎక్కడ ఎంత ఉన్నాయో, ఆ ప్రొఫైల్ మళ్లీ కొలవాల్సిందే. విసుగనుకోకు. ప్లాస్మా మొత్తం గిర్రున తిరుగుతుంటే ఆ తిరుగుడు నీ ఫ్రీక్వెన్సీలో కలుస్తుంది, లోపల విద్యుత్ పొటెన్షియల్ కొలిచి, తిరుగుడు ఎంతో లెక్కగట్టి తీసెయ్యాలి.

మీ గైడ్ వచ్చే ఏడాది ఆల్ఫ్వెన్ తరంగాలు చేద్దామన్నారని చెప్పావు. నాకు చాలా ఇష్టమైనవి అవే. వీణ తీగ ఎలా మోగుతుందో అయస్కాంత రేఖ అలా మోగుతుంది, తీగకు బరువు అయాన్లు ఇస్తాయి. హన్నెస్ ఆల్ఫ్వెన్ 1942లో ఈ మాట చెబితే చాలామంది ఒప్పుకోలేదు. 1949లో లుండ్‌క్విస్ట్ పాదరసంలో వెతికాడు, ప్లాస్మాలో సరిగ్గా కొలవడానికి 1959 దాకా పట్టింది. ఎందుకో లెక్క వేస్తే నీకే తెలుస్తుంది. 1,000 గాస్ క్షేత్రం, ఘన సెంటీమీటరుకు లక్ష కోట్ల హీలియం అయాన్లు ఉంటే వేగం సెకనుకు 1,000 కిలోమీటర్ల పైమాట. 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క అల పొడవే దాదాపు 11 మీటర్లు. నీ ఛాంబర్ పొడవెంత? గైడ్‌తో ఇది ముందే మాట్లాడు, భయపడకు.

అప్పుడు చిన్న కాయిల్ ప్రోబ్‌లు చుట్టాలి. చుట్టాక ప్రోబ్‌ను 180 డిగ్రీలు తిప్పి చూడు. నిజంగా అయస్కాంత సిగ్నల్ అయితే తలకిందులవుతుంది. కానిది విద్యుత్ పికప్, అది అలాగే ఉంటుంది. ఈ ఒక్క పని చెయ్యక నా ఎదురుగానే ఒకరు మొత్తం డేటా పారేసుకున్నారు. కేబుళ్లు, కనెక్టర్లు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో చూసుకుని కొను.

కార్తీకంలో ఇక్కడ వానలు చూస్తావు. ఆ గాలికి ఛాంబర్ తెరిచావంటే లోపలి గోడలకు నీటి ఆవిరి అంటుకుని, పంపు ఎంత లాగినా ప్రెషర్ దిగదు. పొడి నైట్రోజన్ నింపి తెరువు, పని కాగానే మూసెయ్యి. ఇంకొకటి, ఇది ప్రాణం మీది మాట. హై వోల్టేజ్ సప్లై ఆపినా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. ఎర్త్ కర్ర (భూమికి వైరుతో కలిపింది) తాకించకుండా చెయ్యి పెట్టొద్దు, ఒంటరిగా ఉన్న రాత్రి అసలు పెట్టొద్దు.

ఆదివారం అడయార్ వచ్చేటప్పుడు లాగ్‌బుక్ తీసుకురా. ప్రతి రీడింగ్ పక్కన మాగ్నెట్ కరెంటు, ప్రెషర్ రాశావో లేదో చూస్తాను. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ